పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు: బూటు డిస్కూ, నెట్‌వర్కు కార్డూ

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత కట్టినవాళ్లకు లినక్సు (విండోస్‌లాగే కంప్యూటరును నడిపే ఒక ఉచిత వ్యవస్థ) ఇన్‌స్టాలేషను గురించి తెలిసే అవకాశం లేదు గానీ, తెలిసినా ఇంతకంటే బాగా చెప్పి ఉండేవారు కారు. డిస్కు పెట్టి కంప్యూటరు ఆన్ చేస్తాం. భాష అడుగుతుంది, చెబుతాం. కీబోర్డు అడుగుతుంది, చెబుతాం. ఆ తర్వాత నెట్‌వర్కు కార్డు ఏదీ కనబడలేదని చేతులెత్తేస్తుంది. కార్డు కనబడాలంటే కార్డుతో మాట్లాడే ప్రోగ్రాము, అంటే దాని డ్రైవరు కావాలి, లేదా ఆ డ్రైవరు కార్డులోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాము కావాలి. అవెక్కడ ఉన్నాయంటే నెట్టులో ఉన్నాయి. నెట్టులోకి వెళ్లాలంటే కార్డు కనబడాలి.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మేడ మీది గదిలో కంప్యూటర్లు బాగుచేస్తూ చాలా ఏళ్లుగా బతుకుతున్నాను. 2023 ఆగస్టులో ఒక మధ్యాహ్నం రాజాం నుంచి ఒక ఇంజినీరింగు కుర్రాడు పల్చటి లాప్‌టాప్ ఒకటి పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. దానికి వైరు పెట్టుకునే నెట్‌వర్కు సాకెట్టే లేదు, ఉన్నదల్లా వైఫై. సంచిలో రెండు పెన్ డ్రైవులు, ఒక నోటు పుస్తకం. "మాస్టారూ, ఏటి చేసినా నెట్టు రాట్లేదండి. నాలుగు రోజులయిపోనాది" అన్నాడు. కార్డు నంబరెంత బాబూ అని అడిగితే లాప్‌టాప్ కంపెనీ పేరు చెప్పాడు. మళ్లీ అడిగితే మోడలు పేరు చెప్పాడు. మూడోసారి అడిగితే, ఎదుటివాడికి చెవుడేమో అన్నట్టు నా వైపు చూశాడు.

ఇన్‌స్టాలేషను డిస్కు అనేది నెట్టు లేని గదిలో పని చేయడానికి పుట్టిన వస్తువు. అందుచేత, నెట్టును తెచ్చిపెట్టే సామగ్రి మొత్తం, అది మనకు ఇష్టమైనదైనా కాకపోయినా, ఆ డిస్కులోనే ఉండి తీరాలని నా వాదన. ఉన్నదో లేదో తేల్చుకోవలసిన పని మాత్రం డిస్కును వాడే మనిషిది. దానికి వాడి దగ్గర ఉండవలసినది కంపెనీ పేరు కాదు, చిప్పు నంబరు. ఇందులో మొదటి భాగాన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రెండోది మాత్రం ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తల్లోనే దెబ్బ తిని నేర్చుకున్నాను.

నంబరు సంగతి ముందు చెప్పుకోవాలి. పీసీఐ బస్సు (కంప్యూటరు లోపలి భాగాలను కలిపే దారి) మీద కూర్చునే ప్రతి చిప్పులోనూ రెండు గుర్తింపు సంఖ్యలు చెక్కి ఉంటాయి. రెండూ నాలుగేసి స్థానాలవి, పదహారు ఆధారంగా రాసేవి. మొదటిది తయారీదారుది, రెండోది ఆ చిప్పుది. ఇంటెల్‌ది 8086, తన పాత ప్రాసెసరు పేరునే తెచ్చి పెట్టుకుంది. రియల్‌టెక్‌ది 10ఈసీ. బ్రాడ్‌కామ్‌ది 14ఈ4. పెట్టె మీద అచ్చేసే పేరు అమ్మకానికి పనికొస్తుందే తప్ప లినక్సుకు గుండెకాయ అయిన కెర్నెల్‌కు పనికిరాదు. ఒకే పేరు, ఒకే మోడలు ఉన్న రెండు లాప్‌టాప్‌లలో రెండు వేరువేరు కంపెనీల వైఫై కార్డులు ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. అరసవల్లి దేవుడి దయవల్ల, బస్సులో సూర్యనారాయణా అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరిగి చూసే జిల్లా మాది. పేరుతో మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

లినక్సులో డ్రైవరు అంటే చాలావరకు ఒక మాడ్యూలు, కెర్నెల్‌కు కావలసినప్పుడు తగిలించుకునే ముక్క. తాను ఏయే నంబర్లున్న చిప్పులను నడపగలదో ప్రతి మాడ్యూలూ తనలోనే ఒక జాబితాగా రాసుకొని ఉంటుంది. కంప్యూటరు లేచేటప్పుడు కెర్నెల్ బస్సు మీద ఉన్న చిప్పుల నంబర్లు చదువుతుంది; వాటిని ఆ జాబితాలతో పోల్చి, సరిపోయిన మాడ్యూలును ఎక్కించడం జరుగుతుంది. ఏ జాబితాలోనూ నంబరు లేకపోతే ఆ కార్డు ఎంత ఖరీదైనదైనా ఆ కెర్నెల్‌కు పరాయిదే. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు రెండే రెండు: ఈ చిప్పు నంబరెంత, ఈ డిస్కులో ఉన్న కెర్నెల్ ఎన్నోది. నంబరు చూపించే ఆజ్ఞ పేరు ఎల్‌ఎస్‌పీసీఐ. దాని పక్కన ఒక అడ్డగీత పెట్టి ఎన్, ఎన్, కె అనే మూడక్షరాలు కొడితే నంబరుతోపాటు ఆ చిప్పును ఇప్పుడు ఏ డ్రైవరు పట్టుకొని ఉన్నదో కూడా చెబుతుంది. ఆ ఆజ్ఞ లేని బక్కచిక్కిన డిస్కయితే సిస్ డైరెక్టరీలో క్లాస్, అందులో నెట్ అనేదాంట్లోకి తొంగి చూడాలి. అక్కడ ‘లో’ అనే ఒక్క పేరు మాత్రమే ఉంటే, ఏ డ్రైవరూ ఏ కార్డునూ పట్టుకోలేదన్నమాట, ఎందుకంటే ఆ ‘లో’ కంప్యూటరు తనతో తాను మాట్లాడుకునే దారి.

కెర్నెల్ ఎన్నోదన్న ప్రశ్న తేలికగా కనిపిస్తుంది గానీ కాదు. ఉబుంటు అనేది లినక్సులో ఒక రకం. మార్కరుతో ‘ఉబుంటు 18.04’ అని రాసిన డిస్కులు నా దగ్గర రెండు ఉండేవి. ఒకటి 2018 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి డిస్కు, దానిలోని కెర్నెల్ 4.15. రెండోది 2020 ఆగస్టులో వచ్చిన 18.04.5 డెస్క్‌టాప్ డిస్కు, దానిలోనిది 5.4. చివరి చుక్కా ఐదూ రాయడానికి అప్పట్లో నాకు బద్ధకమేసింది. ఒక ఆడిటరుగారి ఆఫీసు కోసం కొత్త మదర్‌బోర్డుతో కంప్యూటరు పెట్టె కట్టినప్పుడు ఆ బద్ధకానికి మూల్యం చెల్లించాను. ఆ బోర్డు మీద ఉన్నది రెండున్నర గిగాబిట్ల రియల్‌టెక్ చిప్పు, నంబరు 8125. దాన్ని కెర్నెల్‌లోని ఆర్8169 డ్రైవరు గుర్తుపట్టడం మొదలుపెట్టింది 2019 నవంబరులో వచ్చిన 5.4 నుంచి. నా చేతికి వచ్చింది మొదటి డిస్కు. కేబుల్ మార్చాను, స్విచ్చి మార్చాను, బోర్డు అమ్మినవాడి మీద విసుక్కున్నాను కూడా. సాయంత్రానికి రెండో డిస్కు పెడితే ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నెట్టు అందుకుంది. పేరు ఒకటే, మార్కరు రాత ఒకటే, లోపలి సరుకు వేరు.

రాజాం కుర్రాడి దగ్గరకు మళ్లీ వస్తాను. వాడి రెండు పెన్ డ్రైవులలో ఒకటి సీనియరు ఇచ్చింది, అదే పాత 18.04 మొదటి డిస్కు. దాన్ని లైవ్‌గా, అంటే లాప్‌టాప్‌లో ఎక్కించకుండా పెన్ డ్రైవు మీద నుంచే నడిపించి ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టాం. నెట్‌వర్కు కంట్రోలరు అన్న వరుస వచ్చింది, చివర 8086:2723 అని నంబరు వచ్చింది. అది ఇంటెల్ ఏఎక్స్200 వైఫై. ఆ వరుస కింద ‘వాడుకలో ఉన్న డ్రైవరు’ అని ఉండవలసిన వరుస లేనే లేదు. ఆ కార్డుకు మద్దతు వచ్చింది 2019 మే నెలలో విడుదలైన 5.1 కెర్నెల్‌తో, 4.15 పుట్టేనాటికి ఆ నంబరును ఎవరూ దాని చెవిన వేయలేదు. వాడు నాలుగు రోజుల్లో రెండు రోజులు ఈ డిస్కుతోనే కుస్తీ పట్టాడు.

రెండో పెన్ డ్రైవులో డెబియన్ 11 ఉంది, అది ఇంకో రకం లినక్సు. అందులో కెర్నెల్ 5.10. దానితో లేపితే ఇన్‌స్టాలరు ఆగి ఒక తెర చూపించింది: మీ హార్డ్‌వేరులో కొన్నిటికి స్వేచ్ఛాయుతం కాని (అంటే లోపలి కోడు చూపించని, మార్చనివ్వని) ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలి, వాటిని పెన్ డ్రైవు నుంచి ఎక్కించవచ్చు అన్నది దాని సారాంశం. దాని కింద ఫైళ్ల పేర్లు. ఐడబ్ల్యుఎల్‌వైఫై, సీసీ, ఏ0, 59 అని ఒకటి, అదే పేరు చివర 58 అని ఇంకొకటి, 57, 56. అలా తగ్గుతూ పోయింది. కుర్రాడు నోటు పుస్తకం తెరిచి చూపించాడు. ఆ పేర్లన్నిటినీ గుండ్రటి అక్షరాలతో, వరుస సంఖ్యలు వేసి మరీ రాసుకున్నాడు. ఇన్ని ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయండి అని అడిగాడు. వాడికి కావలసింది ఒక్కటే ఫైలు. డ్రైవరు ముందు తనకు తెలిసిన అన్నిటికంటే కొత్త ఫర్మ్‌వేరును, అంటే 59ని, అడుగుతుంది. అది లేకపోతే 58ని అడుగుతుంది. 39 దాకా దిగి అప్పుడు ఆశ వదులుకుంటుంది. వాటిలో ఏ ఒక్కటి దొరికినా చాలు. ఇన్‌స్టాలరు ఆ అడిగిన పేర్లన్నిటినీ అలాగే తెర మీద పోసిందే తప్ప, ఇందులో ఏదో ఒకటి చాలునన్న మాట చెప్పలేదు. నాలుగో కన్సోలుకు, అంటే ఇన్‌స్టాలరు వెనక ఉండే ఇంకో తెరకు వెళ్లి, అక్కడ పడే చిట్టా (లాగ్) చూస్తే ప్రతి ఫైలు పేరు పక్కనా మైనస్ 2 అని ఉంది. కెర్నెల్ భాషలో దానికి అర్థం ఒక్కటే, ఆ ఫైలు ఇక్కడ లేదని. కార్డు చెడిపోలేదు, డ్రైవరు చెడిపోలేదు, ఫైలు లేదంతే.

నా బల్ల సొరుగులో డెబియన్ 12 ఉంది. అది పెట్టాక ఇన్‌స్టాలరు ఏ నసా పెట్టకుండా నేరుగా వైఫై పేరు ఎంచుకోమంది.

ఒకే లాప్‌టాప్ మీద మూడు డిస్కులు. మొదటిదానికి కార్డెవరో తెలియదు, రెండోదానికి తెలుసు గానీ చేతిలో ఫైలు లేదు, మూడోదానికి రెండూ ఉన్నాయి. మొదటి రెండింటికీ మందు వేరు. మొదటిదానికి ఫర్మ్‌వేర్ తెచ్చి పోసినా ప్రయోజనం లేదు, కొత్త కెర్నెల్ ఉన్న డిస్కే కావాలి. రెండోదానికి కొత్త డిస్కు అక్కర్లేదు, ఒక మెగాబైటు పైచిలుకు ఉండే ఒక్క ఫైలు చాలు. బయటికి మాత్రం రెండూ చెప్పే మాట ఒకటే, నెట్టు లేదని. జ్వరమని వచ్చిన ప్రతివాడికీ ఒకే బిళ్ల ఇచ్చే వైద్యుడిలా, మన మిత్రబృందాలు ఇచ్చే సలహా కూడా ఒకటే: డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్సు రకం) మార్చెయ్. డిస్ట్రో మారిస్తే కొన్నిసార్లు పనవుతుంది, అబద్ధం కాదు. కానీ అన్ని డిస్ట్రోలలోనూ ఉన్నది అదే లినక్సు కెర్నెల్. తేడా అంతా ఎన్నో కెర్నెల్ పెట్టారు, పక్కన ఏ ఫర్మ్‌వేర్ ఫైళ్లు పెట్టారు అన్నదాంట్లోనే ఉంది. ఆ తేడా తెలియకుండా మార్చినవాడికి పని ఎందుకయిందో తెలియదు. రేపు మళ్లీ ఆగితే మళ్లీ మారుస్తాడు.

ఇక్కడ ఇంకో తొందరపాటు గురించి కూడా ఒక మాట. అన్నిటికంటే కొత్త కెర్నెల్ పెట్టేస్తే గొడవే ఉండదు కదా అంటారు. 2008లో 2.6.27 కెర్నెల్ ఇంకా తయారీలో ఉండగా, దాన్ని పరీక్షిస్తున్నవాళ్ల ఇంటెల్ నెట్‌వర్కు కార్డులు ఉన్నట్టుండి మూగబోయాయి. కార్డు తన సొంత వివరాలు దాచుకునే జ్ఞాపకంలో చెత్త రాయబడి, మళ్లీ పాత కెర్నెల్ పెట్టినా కార్డు పలకని పరిస్థితి వచ్చింది. అందరూ ఆ కార్డులను నడిపే ఈ1000ఈ డ్రైవరును తిట్టారు. తీరా అక్టోబరులో తేలిందేమిటంటే, నేరం ఆ డ్రైవరుది కాదు, కెర్నెల్‌లో ఫంక్షన్ల జాడ తీసే ఎఫ్‌ట్రేస్ అనే వేరే భాగానిది. కాబట్టి నంబరుకు సరిపడేంత కొత్తదనం చాలు, అంతకు మించి ఎగబాకనక్కరలేదు.

ఫర్మ్‌వేర్ ఎందుకు డిస్కులో ఉండేది కాదన్నదే ఇందులో అసలు తగవు. పాత కార్డులలో ఆ చిన్న ప్రోగ్రాము కార్డు మీదే ఒక చెరగని జ్ఞాపకపు చిప్పులో శాశ్వతంగా కాల్చి ఉండేది. ఆ చిప్పు ఖర్చు మిగుల్చుకోవడానికీ, తప్పులు తరవాత దిద్దుకునే వీలు కోసమూ తయారీదారులు ఆ ప్రోగ్రామును కార్డు మీద నుంచి తీసేసి, కంప్యూటరు లేచిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని కార్డులోకి పోసే పద్ధతికి మారారు. ఆ ఫైలుకు సోర్సు (మనిషి చదవగలిగే అసలు కోడు) ఇవ్వరు. పంచిపెట్టుకోవచ్చు గానీ మార్చడానికి వీల్లేదు అంటారు. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం ప్రకారం తమ వ్యవస్థ నూటికి నూరుపాళ్లు స్వేచ్ఛాయుతంగా ఉండాలి గనుక, డెబియన్‌వారు ఇలాంటి ఫైళ్లను తమ అధికారిక డిస్కులో పెట్టలేదు. 2011లో వచ్చిన డెబియన్ 6 నాటికి కెర్నెల్‌లో కలిసిపోయి ఉన్నవాటిని కూడా ఏరి బయట పెట్టారు. ఫర్మ్‌వేర్ కలిపిన డిస్కు కూడా వాళ్లే తయారుచేసేవారు, కాకపోతే అనధికారికం అని పేరు పెట్టి, తెలిసినవాడు వెతికితే తప్ప దొరకని మూలన ఉంచేవారు.

నేను చాలాకాలం ఆ పట్టుదలను మెచ్చుకున్నాను. నా కార్డులో నడిచే ప్రోగ్రామును నేను చదవలేకపోవడం అన్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. ఆ మెచ్చుకోలు ఉద్దానంలో ఒక ఇంటి అరుగు మీద బీటలు వారింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మా మేనమామ కొడుకు ఊళ్లోవాళ్ల పడిపోయిన చెట్ల లెక్కలు లాప్‌టాప్‌లో ఎక్కిస్తూ ఉండగా దాని విండోస్ పాడైంది. సాయం చేద్దామని డెబియన్ 9 పెన్ డ్రైవు జేబులో పెట్టుకొని వెళ్లాను. జెనరేటరు తిరుగుతున్న ఇంటి అరుగు మీద కూర్చుని లేపితే, అదే తెర: ఇంటెల్ వైఫై ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. లాప్‌టాప్‌కు వైరు సాకెట్టు ఉంది గానీ ఊళ్లో వైరుకు అవతల ఏమీ లేదు. ఫోనులో సిగ్నలు అప్పుడే కొద్దికొద్దిగా వస్తోంది. వాడు నా పక్కన గొంతుక్కూర్చుని, "బావా, ఫోనులో నెట్టు ఉంది కదా, ఇందులోకి రాదేటి?" అని అడిగాడు. రాదురా, వైఫై లేవకుండా హాట్‌స్పాట్ ఎలా అందుకుంటుంది అని తెలిసినవాడిలా చెప్పాను. చెప్పి, చెట్లు అడ్డంగా పడి ఉన్న దారిలో బండి మీద కాశీబుగ్గ పోయి, జెనరేటరు నడుపుతున్న ఒక దుకాణంలో ఆ ఫైలు దింపుకొని, చీకటి పడ్డాక తిరిగొచ్చాను. ఒక పాట ఎత్తు కూడా లేని ఫైలు. దాన్ని డిస్కులో పెట్టకపోవడానికి కారణమైన సూత్రం చాలా గొప్పది, కానీ దాని బరువు మోసింది కాశీబుగ్గ పోవలసి వచ్చిన మనిషి. పక్క గదిలో ఇంకో కంప్యూటరు, ఇంకో నెట్టు కనెక్షను ఉన్నవాడికి ఆ సూత్రం ఐదు నిమిషాల చిరాకు. అవి లేనివాడికి ఒక రోజు.

పైగా ఆ సూత్రంలోనే ఒక మెలిక ఉంది. అదే మూసిపెట్టిన ప్రోగ్రాము కార్డు మీద చిప్పులో కాల్చి ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, దాన్ని హార్డ్‌వేరులో భాగమనుకుంటాం. అదే ప్రోగ్రాము ఫైలు రూపంలో డిస్కు మీదకు వస్తే మైల పడినట్టు చూస్తాం. రెంటిలోనూ మనం చదవలేనిది ఒకటే, నడిచేదీ అదే కార్డులోనే. ఆ మాటకొస్తే ఫైలు రూపంలో ఉన్నదాన్ని కనీసం మార్చి కొత్తది వేసుకోవచ్చు, ఏ తేదీదో చూసుకోవచ్చు. కంటికి కనబడనిది పవిత్రం, కనబడింది అపవిత్రం అనే లెక్క నాకు ఆ అరుగు మీద కూర్చున్నాక ఎక్కలేదు.

డెబియన్ సభ్యులు 2022లో ఈ విషయం మీద ఓటు వేసుకున్నారు. సామాజిక ఒప్పందాన్నే సవరించాలి గనుక ఒకటికి మూడు రెట్ల ఆధిక్యం కావలసి వచ్చింది, వచ్చింది. హార్డ్‌వేరుకు అవసరమైన ఫర్మ్‌వేర్ అధికారిక డిస్కులో ఉండవచ్చునని ఒప్పందంలో ఒక వాక్యం చేరింది. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 దాని ఫలితం. ఆ డిస్కు నీ కార్డుకు ఫలానా ఫైలు కావాలని తేల్చుకొని దాన్నే వేస్తుంది, ఆ రకం ఫైళ్లకు వేరే విభాగం పెట్టి వాటిని మిగతా స్వేచ్ఛాయుతం కాని సరుకుతో కలవకుండా ఉంచుతుంది, అవి అసలే వద్దనుకునేవాడు బూటు చేసేటప్పుడు ఫర్మ్‌వేర్ ఈక్వల్స్ నెవర్ అని ఒక్క మాట రాస్తే చాలు. నియమం పాటించదలచుకున్నవాడి మీద ఒక్క మాట రాసే భారం పడింది, ఏమీ తెలియని రాజాం కుర్రాడి మీద నుంచి నాలుగు రోజుల భారం దిగింది. భారం ఎవరు మోయగలరో వాళ్ల మీద పెట్టడం న్యాయమే కదా.

దీనికి వచ్చే అభ్యంతరాలలో నాకు బలమైనదిగా కనిపించేది ఒకటుంది: డిస్కులో పెట్టేస్తే తయారీదారుల మీద ఒత్తిడి పోతుంది, ఇక ఎప్పటికీ సోర్సు ఇవ్వరు. నిజమే కావచ్చు. కానీ ఇన్నేళ్లు డిస్కులో పెట్టకపోవడం వల్ల వాళ్లు దిగివచ్చిన దాఖలా నా బల్ల మీదికి వచ్చిన కార్డులలో నాకైతే కనబడలేదు. ఆ ఒత్తిడి వాళ్ల దాకా పోకుండా మధ్యలో మా దగ్గరే ఆగిపోయింది. పరిమాణం పెరుగుతుందన్న అభ్యంతరాన్ని నేను పెద్దగా పట్టించుకోను. మొత్తం ఫర్మ్‌వేర్ మూట వందల మెగాబైట్లు ఉన్న మాట వాస్తవమే గానీ, ఈ రోజుల్లో పెన్ డ్రైవు అన్నది గిగాబైట్లలోనే దొరుకుతుంది.

పరిమాణం మాట నిజంగా బాధించిన రోజులు వేరు. విజయనగరంలో చదువుకునేటప్పుడు మేం ఫ్లాపీలతో లినక్సు ఎక్కించేవాళ్లం. ఒక్కో ఫ్లాపీ 1.44 మెగాబైట్లు. కెర్నెల్ పెట్టాక మిగిలిన చోట్లో ఏ నెట్‌వర్కు డ్రైవర్లు పడితే అవే. మిగతావి వేరే డ్రైవర్ల ఫ్లాపీలో. గంటస్తంభం దగ్గర కొన్న ఫ్లాపీలు రెండోసారి చదివేసరికి గీరుకుపోయేవి. అయినా మాకు పెద్ద కష్టం రాలేదంటే, దానికి కారణం రియల్‌టెక్ 8139 అనే చవక కార్డు. ఆ చిప్పుకు ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఉచిత వ్యవస్థలో డ్రైవరు రాసిన బిల్ పాల్, చవకతనానికి ఇది కొత్త అర్థం చెప్పిందని సోర్సులోనే వ్యాఖ్య రాసి ఎగతాళి చేశాడు. చేశాడు గానీ, మా ఊళ్లలో అందరి పెట్టెల్లోనూ ఉన్నది అదే, ప్రతి ఫ్లాపీలోనూ డ్రైవరు ఉన్నదీ దానికే, దానికి ఫర్మ్‌వేర్ ఫైలు అడిగే అలవాటే లేదు. దాని తోటి కార్డులెన్నిటికో లినక్సు డ్రైవర్లు రాసిపెట్టిన డొనాల్డ్ బెకర్ అప్పట్లో నాసాలో పని చేసేవాడు. నాసా మనిషి రాసిన కోడు మీద, నాలుగు వందల రూపాయల కార్డుతో, విజయనగరంలో మేం రెండు పెట్టెలను కలిపి సంబరపడ్డాం.

ఇప్పటి వైరు కార్డుల విషయంలో ఒక ఊరట ఉంది, అది తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు. రియల్‌టెక్ 8168 ఉన్న డెస్క్‌టాప్ మీద పాత డెబియన్ డిస్కు పెడితే అది కూడా ఫర్మ్‌వేర్ కావాలని అదే తెర చూపిస్తుంది. భయపడి ఆపేయనక్కరలేదు. లేదు అని చెప్పి ముందుకు వెళితే చాలావరకు వైరు పని చేస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు ఆ చిప్పులోని చిన్న లోపాలకు వేసే అతుకు మాత్రమే, దాని ప్రాణం కాదు. ఇంటెల్ వైఫైకి మాత్రం ఆ ఫైలే ప్రాణం. తెర ఒకటే, మాట ఒకటే, తీవ్రతలో ఇంత తేడా. ఇన్‌స్టాలరు రాసినవాళ్లు ఆ తేడాను ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఎంతమందికి ఎన్ని సాయంత్రాలు మిగిలేవో.

డ్రైవరు ఉండి, ఫర్మ్‌వేర్ ఉండి, అయినా రాకపోతే అది చాలావరకు మామూలు సంగతే అయి ఉంటుంది: ఎలుక కొరికిన కేబుల్, లాప్‌టాప్ పక్కనున్న వైఫై మీట, ఆర్ఎఫ్‌కిల్ అనే ఆజ్ఞ చూపించే అడ్డు. వీటిలో ఒకటి మాత్రం మామూలుది కాదు. విండోస్ ఉన్న పెట్టెలో, మూసేటప్పుడు కొన్ని రియల్‌టెక్ కార్డులను అది పూర్తిగా నిద్రపుచ్చి పోతుంది. తర్వాత లినక్సు లేచినా కార్డు కళ్లు తెరవదు. కరెంటు తీగ గోడ నుంచి పీకి, అర నిమిషం ఆగి మళ్లీ పెడితే లేస్తుంది. మొదటిసారి అది పని చేసినప్పుడు నేను దిష్టి తీసినట్టనిపించి నవ్వుకున్నాను.

మా బావమరిది అరుగు మీద అడిగిన ప్రశ్నకు సరైన జవాబు నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, కంప్యూటరుకు ఆ ఫోను ఒక వైరు నెట్‌వర్కు కార్డులాగే కనిపిస్తుంది. ఆర్ఎన్‌డీఐఎస్ అనే ఆ పద్ధతికి కావలసిన డ్రైవరు లినక్సు కెర్నెల్‌లో ఎప్పటి నుంచో ఉంది, కార్డుకు ఫర్మ్‌వేర్ అడిగే ప్రసక్తే లేదు. ఫోను తాను వైఫైలో ఉంటే ఆ వైఫైనే తీగ గుండా అందిస్తుంది. అంటే డేటా ప్యాకు కూడా ఖర్చు కాకుండా ఫోనే వైఫై కార్డు అయిపోతుంది. ఆ రోజు మేమిద్దరం ఆ తీగను పక్కన పెట్టుకొనే కూర్చున్నాం, ఫోను దానితోనే జెనరేటరు దగ్గర ఛార్జింగు అవుతోంది. వాడు అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది తప్పు జవాబు. ఈ సంగతి వాడితో ఒప్పుకున్నాను; అప్పటి నుంచి ఇంట్లో ఏ యంత్రం పాడైనా, బావను అడక్కు, కాశీబుగ్గ పంపిస్తాడు అంటాడు.

టెథరింగ్ ఉండగా డిస్కులో ఫర్మ్‌వేర్ ఎందుకని నన్ను అడిగినవాళ్లున్నారు. ఫోను తీగ కూడా నెట్టు ఉన్నచోటే నెట్టు ఇస్తుంది, అదీ కాక దాని డ్రైవరు డిస్కులో ఉన్నది గనుకనే అది పని చేస్తున్నది. అంటే అది నా వాదనకు మినహాయింపు కాదు, ఉదాహరణే.

కుర్రాడు డెబియన్ 12 పెన్ డ్రైవు నకలు చేసుకొని వెళ్లాడు. ఆ రాత్రి నా సొరుగులోని పెన్ డ్రైవులన్నీ తీసి ఒక్కొక్కదాన్ని లేపి, పేర్లు తుడిచేసి, తెల్ల టేపు అంటించి దాని మీద కెర్నెల్ సంఖ్య, పక్కన ఫర్మ్‌వేర్ ఉంటే ఒక చుక్క పెట్టాను. రెండు వారాల తర్వాత వాడు తన హాస్టలు మిత్రుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ రెండోవాడు లాప్‌టాప్ సంచిలోంచి తీయకముందే అరచెయ్యి చాపి చూపించాడు, నీలం పెన్నుతో రాసి ఉంది: 10ఈసీ:సీ821. రియల్‌టెక్ 8821సీఈ, 5.9 నుంచి కెర్నెల్‌కు తెలిసిన వైఫై. సొరుగు తెరిచి, 5.4 అని రాసి ఉన్నదాన్ని పక్కకు నెట్టి, 6.1 అని రాసి చుక్క పెట్టి ఉన్నది తీసి వాడి చేతిలో పెట్టాను.